ఎర్ర లైటు, నీలి లైటు, పసుపు లైటు: ముఖం మీద పడితే ఏమవుతుంది?

పర్లాకిమిడిలో ఈసారి పెళ్లిళ్ల సీజన్‌కి బ్యూటీ పార్లర్ల బోర్డుల మీద కొత్త మాట ఒకటి ఎక్కింది. పైన ఒడియా, కింద తెలుగు, పక్కన ఎర్రగా వెలిగే ముసుగు పెట్టుకున్న అమ్మాయి బొమ్మ: ‘ఎల్‌ఈడీ లైట్ ఫేషియల్’. మా ఊరికి ‘లైట్’ పేరుతో మొదట వచ్చింది రైలు. 1900లో నౌపడ నుంచి వేసిన పర్లాకిమిడి లైట్ రైల్వే. ఆ లైట్‌కి అర్థం తేలిక అని. ఇప్పుడొచ్చిన లైట్‌కి అర్థమేమిటో మాత్రం జనానికి తేలడం లేదు.

మా అప్ప కూతురు ఆన్‌లైన్‌లో అలాంటి ముసుగే ఒకటి తెప్పించుకుంది. తెల్ల ప్లాస్టిక్, లోపలివైపు ఆవగింజల్లా బల్బులు, వైరుకి చిన్న రిమోట్. "ఏడు రంగులు మావయ్యా. నీలం మొటిమలకి, ఎరుపు ముడతలకి, ఆకుపచ్చ మచ్చలకి, పసుపు నిగారింపుకి" అని పెట్టె మీది చార్టు చదివింది. "ఇంతకీ ఇది పనిచేస్తుందా? నువ్వు ఫిజిక్స్ చెప్పేవాడివి కదా." బుగ్గల మీద మంగు ఉన్న మా అప్ప పక్కనుంచి అందుకుంది: "నాకు పసుపుది పెట్టు. ముఖానికి పసుపు ఎప్పుడూ మంచిదే."

ఆ వారమే మా వీధిలో ఇంకో సంగతి. ఒక పిల్లాడికి మోచేతుల మీద బొల్లి మచ్చలు. బరంపురంలో స్కిన్ డాక్టరు చీటీ మీద ‘ఫోటోథెరపీ, వారానికి రెండుసార్లు’ అని రాశారు. బస్సు ఛార్జీలు, పోయే కూలి లెక్కేసుకున్న వాళ్ల నాన్న మా ఇంటికొచ్చి అడిగాడు: "పార్లర్లోనూ లైటే పెడుతున్నారట కదా మాస్టారూ, అక్కడ పెట్టిస్తే సరిపోదా?"

చిక్కు ఇక్కడే ఉంది. రెండు చోట్లా లైటే. రెండు చోట్లా ఒక్కటి కాదు.

## ‘లైట్ థెరపీ’ అన్న ఒక్క పేరు కింద మూడు వేర్వేరు పనులు

వెలుతురు రంగుని దాని అల పొడవుతో, నానోమీటర్లలో కొలుస్తారు. మిల్లీమీటరుని పదిలక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. కంటికి కనిపించేది సుమారు 400 (ఊదా) నుంచి 700 (ఎరుపు) దాకా. 400కి కింద అతినీలలోహితం (యూవీ), 700కి పైన పరారుణం. ఈ రెండూ మనకి కనిపించవు.

డాక్టరు చీటీ మీద ఫోటోథెరపీ అని ఉంటే అది చాలావరకు అతినీలలోహిత చికిత్స. బొల్లికి, సోరియాసిస్‌కి ఇప్పుడు ఎక్కువగా వాడే ‘నారో బ్యాండ్ యూవీబీ’ దీపాలు 311 నానోమీటర్ల దగ్గర కిరణాలిస్తాయి. బొల్లిలో శరీరపు రక్షణ కణాలే రంగునిచ్చే కణాల మీద దాడి చేస్తుంటాయి. ఈ కిరణాలు ఆ దాడిని తగ్గిస్తాయి, వెంట్రుకల మొదళ్లలో మిగిలి ఉన్న రంగు కణాలను మేలుకొలుపుతాయి. అందుకే చికిత్స పనిచేస్తుంటే తెల్లమచ్చ మధ్యలో, వెంట్రుక మొలిచే చోటల్లా నువ్వుగింజంత గోధుమ చుక్కలు కనిపిస్తాయి. తర్వాత అవి ఒకదానితో ఒకటి కలుస్తాయి. దీనికి నెలలు పడుతుంది. మోతాదు తక్కువతో మొదలుపెట్టి, చర్మం ఎర్రబడే తీరు చూసి పెంచుకుంటూ పోతారు. ఎక్కువైతే కాలుతుంది కాబట్టి డాక్టరు పర్యవేక్షణ ఉండాల్సిందే.

పార్లర్ ముసుగుది వేరే సంగతి. ఎల్‌ఈడీలు కనిపించే రంగుల్ని, కొన్నిట్లో 830 నానోమీటర్ల దగ్గరి పరారుణాన్ని కూడా ఇస్తాయి. 311 వాటిలో ఉండదు. చర్మాన్ని కాల్చేంత శక్తీ ఉండదు. పిల్లాడి నాన్నకి నేను చెప్పింది ఈ ఒక్క అంకె గురించే.

మూడోది లేజర్, ఐపీఎల్ (గాఢమైన కాంతిని మెరుపుల్లా వేసే దీపం). అవాంఛిత రోమాలు తీసేది ఇదే. ఇది వేడితో పనిచేస్తుంది. వెంట్రుకలోని నల్లరంగు ఆ కాంతిని పీల్చుకుని వేడెక్కి మొదలు మాడిపోతుంది. ఆ నల్లరంగు మన చర్మంలోనూ ఉంటుంది కాబట్టే సరిగ్గా సెట్ చేయకపోతే చామనఛాయ వాళ్లకి బొబ్బలు, మరకలు వస్తాయి. ఈ వ్యాసంలో దీని జోలికి ఇంతకన్నా పోను.

## బావంచాల నుంచి నోబెల్ దాకా

కాంతితో చర్మవైద్యం కొత్త సరుకేమీ కాదు. బొల్లి మచ్చకి బావంచాల ముద్ద రాసి ఎండలో కూర్చోబెట్టడం ఆయుర్వేదంలో ఎప్పటినుంచో ఉంది. ఆ గింజల్లోని సోరాలెన్ చర్మాన్ని అతినీలలోహిత కిరణాలకి లొంగేలా చేస్తుంది. సోరాలెన్ మాత్ర వేసి యూవీఏ దీపం కింద నిలబెట్టే ‘పూవా’ చికిత్స సోరియాసిస్‌కి పనిచేస్తుందని అమెరికా డాక్టర్లు 1974లో ప్రచురించారు. సూత్రం ఒక్కటే. తేడా అంతా మోతాదు కొలవడంలో ఉంది. కొలత లేకుండా ఇంట్లో బావంచాలు రాసుకుని ఎండలోకి వెళ్లి బొబ్బలు తెచ్చుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

డెన్మార్క్‌లో నీల్స్ ఫిన్సెన్ అనే డాక్టరు చర్మానికి వచ్చే క్షయని కాంతి కేంద్రీకరించి నయం చేశాడు. ఆ పనికి 1903లో నోబెల్ బహుమతి ఇచ్చారు. 1956లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అనే నర్సు కామెర్ల పిల్లల్ని ఎండకి తిప్పేది. దుప్పటి కప్పిన మేర తప్ప మిగతా ఒళ్లంతా పసుపు తగ్గడం ఆమె కంటపడింది. ఈరోజు ఏ ఆసుపత్రిలో అయినా పసికందుల మీద వెలిగే ఆ నీలి లైట్లు అక్కడి నుంచి వచ్చినవే. ఆ నీలం 460 నుంచి 490 నానోమీటర్ల మధ్యది. ఈ అంకె గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఎర్ర కాంతి కథ 1967లో బుడాపెస్ట్‌లో మొదలైంది. లేజర్ తగిలితే క్యాన్సర్ వస్తుందా అని చూడ్డానికి ఎండ్రే మెస్టర్ ఎలుకల వీపు గొరిగి ఎర్ర లేజర్ వేశాడు. క్యాన్సర్ రాలేదు. గొరిగిన చోట బొచ్చు మాత్రం తొందరగా మొలిచింది.

## టార్చి మీద అరచెయ్యి పెడితే తెలిసేది

కరెంటు పోయిన రాత్రి టార్చి మీద అరచెయ్యి పెట్టి చూడని పిల్లలుండరు. టార్చిలో ఉన్నది తెల్ల కాంతి. వేళ్లలోంచి బయటికొచ్చేది ఎరుపు. మిగతా రంగుల్ని చర్మం, రక్తం దారిలోనే పీల్చేశాయి.

ముసుగు విషయంలో సగం ఫిజిక్స్ ఇదే. నీలం చర్మంలో దాదాపు ఒక మిల్లీమీటరు లోపే ఆగిపోతుంది. ఎరుపు కొన్ని మిల్లీమీటర్లు దిగుతుంది. పరారుణం ఇంకొంచెం లోపలికి వెళ్తుంది. ఎంత లోపలికి వెళ్లినా, అక్కడ దాన్ని పీల్చుకునేది ఏదో ఒకటి ఉంటేనే పని జరుగుతుంది. లేకపోతే వచ్చిన దారినే పోతుంది.

## నీలం, మొటిమలు: లెక్క కుదిరే చోటు

మొటిమల్లో పెరిగే ఒక బ్యాక్టీరియా పోర్ఫిరిన్లు అనే పదార్థాన్ని తయారు చేసుకుంటుంది. వాటికి 415 నానోమీటర్ల దగ్గరి ఊదా-నీలం అంటే విపరీతమైన ఆకలి. ఆ కాంతిని పీల్చుకోగానే చురుకైన ఆక్సిజన్ పుట్టి బ్యాక్టీరియానే చంపేస్తుంది. బయటి నుంచి విషం పెట్టనక్కర్లేదు, దాని సరుకే దానికి చేటు.

2000లో బ్రిటన్‌లో 107 మందితో చేసిన అధ్యయనం ఒకటి ఈ రంగంలో అందరూ చెప్పుకునేది. 415 నీలం, 660 ఎరుపు కలిపి రోజూ వాడినవాళ్లలో ఎర్రగా వాచిన మొటిమలు 12 వారాల్లో సగటున 76 శాతం తగ్గాయి. ఇక పండగే అనుకోవచ్చు. కానీ 2016లో కాక్రేన్ సంస్థ మొటిమలకి కాంతి చికిత్సల మీద వచ్చిన 71 పరీక్షల్ని, 4,211 మంది వివరాల్ని ఒకచోట పెట్టి చూసింది. చాలా పరీక్షలు చిన్నవి, ఎవరికి వాళ్లు ఒక్కో రకం కాంతిని ఒక్కో రకంగా వాడారు, కాబట్టి గట్టిగా ఏమీ చెప్పలేమని తేల్చింది.

ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. నీలి కాంతి కొందరిలో మొటిమలు తగ్గిస్తుందన్నది నిజం. ఎంతమందిలో, ఎంతకాలం, క్రీములతో పోలిస్తే ఎంత అన్నది ఇంకా తేలలేదన్నదీ నిజమే. హార్మోన్ల వల్ల దవడ దగ్గర లోతుగా లేచే గడ్డల్లాంటి మొటిమల దాకా నీలం వెళ్లలేదు. వాపు లేని నల్ల చుక్కల మీద దాని ప్రభావం ఇంకా తక్కువ.

## ఎరుపు, ముడతలు: కొంత ఆశ, కొంత సందిగ్ధం

కణాల్లో శక్తి తయారయ్యే చోటు మైటోకాండ్రియా. అందులోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఎరుపునీ పరారుణాన్నీ పీల్చుకుంటుందని, దాంతో కణం చురుగ్గా పనిచేసి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీనుని ఎక్కువ తయారు చేస్తుందని ఎక్కువమంది చెప్పే సిద్ధాంతం. అసలు మీట అదేనా, ఇంకేదైనానా అన్న వాదన పరిశోధకుల మధ్య ఇప్పటికీ నడుస్తోంది. 2014లో జర్మనీ పరిశోధకులు 136 మందితో చేసిన పరీక్షలో ఎరుపు రంగు కాంతి తీసుకున్నవాళ్ల చర్మం నునుపుదేలింది, కొల్లాజెన్ సాంద్రత పెరిగింది. కానీ ఇలాంటి పరీక్షల్లో కొన్నిటికి కంపెనీల డబ్బు ఉంటుంది. పైగా ఎవరికి లైటు పడిందో వాళ్లకే తెలిసిపోతుంది, మాత్రల్లాగా ఉత్తుత్తి లైటు పెట్టి మభ్యపెట్టడం కష్టం.

నా మట్టుకు నాకు ఎరుపు గురించి వచ్చిన సాక్ష్యాలు కొట్టిపారేసేవి కావు. ‘పదేళ్లు వెనక్కి’ అనే ప్రకటన మాత్రం కొట్టిపారేసేదే.

## మన చర్మం రంగు దగ్గర లెక్క మారుతుంది

ప్రకటనల్లో ఎవరూ ఎత్తని సంగతి ఇది.

చర్మాన్ని ఆరు రకాలుగా విడదీసే ఫిట్జ్‌ప్యాట్రిక్ కొలత ఒకటుంది. 1975లో పూవా చికిత్స మోతాదు కోసం మొదట తెల్లవాళ్ల చర్మాన్ని బట్టి తయారు చేసి, గోధుమ, నలుపు రంగుల్ని తర్వాత చేర్చారు. మనలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల్లోకి వస్తాం. ఎండకి నల్లబడటమంటే అతినీలలోహితం వల్లే అని చాలాకాలం అనుకున్నారు. 2010లో ఒక అమెరికా బృందం కనిపించే కాంతిని మాత్రమే వేసి చూసింది. తెల్ల చర్మం మీద ఏమీ కాలేదు. గోధుమ, నల్ల చర్మం నల్లబడింది, రెండు వారాల తర్వాతా ఆ నలుపు పోలేదు. 2014లో ఫ్రాన్స్‌లో రంగుల్ని విడగొట్టి చూశారు. 630 ఎరుపుకి నలుపు రాలేదు, 415 నీలానికి వచ్చింది. రంగు కణాల్లోని ఆప్సిన్-3 అనే ప్రోటీను ఆ నీలాన్ని పసిగడుతుందని 2018లో తెలిసింది.

మళ్లీ చదవండి: 415. మొటిమల బ్యాక్టీరియాని చంపే నీలమే మన రంగు కణాల్ని లేపే నీలం కూడా.

అవతలి పక్షం మాటా వినాలి. ఆ పరీక్షల్లో వాడిన మోతాదు ఇంటి ముసుగులు ఒక పూట ఇచ్చేదానికన్నా సాధారణంగా ఎక్కువ. మొటిమలకి నీలం వాడినవాళ్లందరూ నల్లబడిపోలేదు. ఇంకోమాట, మొటిమ తగ్గకుండా వదిలేసినా, గిల్లినా మిగిలే నల్లమచ్చ కూడా మనకే ఎక్కువ. కాబట్టి మంగు లేని ఇరవయ్యేళ్ల అమ్మాయికి నీలం వల్ల మొత్తమ్మీద లాభమే కావచ్చు. మంగు ఉన్న ఆమె తల్లికి అదే మీట నష్టం చేయొచ్చు. ఒకే ఇల్లు, ఒకే ముసుగు.

మంగుకి ఎర్ర, పరారుణ కాంతులు మేలు చేశాయని చెప్పే చిన్న పరీక్షలున్నాయి. వేడి తగిలితే మంగు ముదురుతుందని చర్మవైద్యులు చెప్పడమూ ఉంది. మామూలు సన్‌స్క్రీన్ కనిపించే కాంతిని పెద్దగా ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్లే ఆపుతాయి. పొయ్యి దగ్గర నిలబడి, మిట్టమధ్యాహ్నం మేడ మీద అప్పడాలెండబెట్టి, రాత్రి పావుగంట ముసుగు పెట్టుకునే మనిషికి మంగు తగ్గకపోతే తప్పు ముసుగుదా, మిగతా రోజుదా? చెప్పడం కష్టమే. పక్కన స్టెరాయిడ్ కలిపిన ‘ట్రిపుల్’ క్రీము కూడా రాస్తుంటే, తగ్గినా దేనివల్ల తగ్గిందో చెప్పలేం.

## పది నిమిషాల లైటు అంటే ఎంత లైటు?

‘పది నిమిషాలు పెట్టుకోండి’ అనడం, ‘ఒక గ్లాసు మందు తాగండి’ అని మందు పేరు చెప్పకపోవడం లాంటిది. చర్మానికి అందిన మోతాదు కావాలంటే తీవ్రతని కాలంతో గుణించాలి. తీవ్రతని చదరపు సెంటీమీటరుకి ఇన్ని మిల్లీవాట్లు అంటారు.

ఒక ముసుగు 30 మిల్లీవాట్లు ఇస్తుందనుకుందాం. పది నిమిషాలంటే 600 సెకన్లు. 30ని 600తో గుణిస్తే 18,000 మిల్లీజౌళ్లు, అంటే 18 జౌళ్లు. చవక ముసుగు 3 మిల్లీవాట్లే ఇస్తే అదే పది నిమిషాలకి 1.8 జౌళ్లు. 18 అందాలంటే గంటా నలభై నిమిషాలు కూర్చోవాలి. పార్లర్‌లో స్టాండుకి వేలాడే ప్యానెల్ అయితే దూరం కూడా లెక్కలోకి వస్తుంది. చిన్న బల్బుకి దూరం రెట్టింపైతే కాంతి నాలుగో వంతుకి పడిపోతుంది. వెడల్పాటి ప్యానెల్‌కి అంత వేగంగా తగ్గదు, తగ్గడం మాత్రం తగ్గుతుంది.

ఎక్కువ పెడితే ఎక్కువ ఫలితం అనుకోవడానికీ లేదు. ఎర్ర కాంతి మీద చేసిన ప్రయోగాల్లో ఒక మోతాదు దాకా కణం చురుకవుతుంది, అది దాటితే ఆ చురుకు తగ్గిపోతుంది.

"మరి ఎండలో అన్ని రంగులూ ఉచితమే కదా" అని మా అప్ప అడిగింది. మంచి ప్రశ్న. మిట్టమధ్యాహ్నపు ఎండ అన్నీ కలిపి చదరపు సెంటీమీటరుకి దాదాపు 100 మిల్లీవాట్లు, చాలా ముసుగుల కన్నా ఎక్కువ. కానీ అందులో ఎరుపుని ఏరుకోలేం. దాంతోపాటు అతినీలలోహితం, నీలం, వేడి అన్నీ వస్తాయి. మంగుకి పడనివన్నీ ఒకే గంపలో.

## కళ్లు, మందులు

పసికందులకి నీలి లైటు పెట్టేటప్పుడు కళ్లకి గంతలు కడతారు. ముసుగుల్లో కొన్నిటికి కళ్ల దగ్గర రబ్బరు మూతలుంటాయి, కొన్నిటికి ఉత్త కన్నాలే. న్యూట్రోజీనా కంపెనీ తన మొటిమల లైట్ మాస్క్‌ని 2019లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. రెటీనైటిస్ పిగ్మెంటోసా వంటి కంటి జబ్బులున్నవాళ్లకి, కాంతికి సున్నితం చేసే మందులు వాడేవాళ్లకి కన్ను దెబ్బతినే అవకాశం ఉండొచ్చని ముందుజాగ్రత్తగా ఆ పని చేసింది. మొటిమలకి విరివిగా రాసే డాక్సీసైక్లిన్ చర్మాన్ని ఎండకి సున్నితం చేస్తుంది. లూపస్ (శరీరపు రక్షణ కణాలే ఒంటి మీద తిరగబడే జబ్బు) ఉన్నవాళ్లకి కాంతి తగిలితేనే జబ్బు రేగొచ్చు. ఈ సంగతులు అడిగాకే లైటు వేసే పార్లర్లు ఎన్ని ఉన్నాయో మరి.

పెట్టెల మీద కనిపించే ‘ఎఫ్‌డీఏ క్లియర్డ్’ అన్న మాట గురించి ఒక్క ముక్క. మందుల్ని, వైద్య పరికరాల్ని నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర ‘క్లియర్’ అంటే ఇది ఇప్పటికే మార్కెట్లో ఉన్న ఫలానా పరికరం లాంటిదే అని ఒప్పుకోవడం. ‘అప్రూవ్’ వేరు, దానికి పరీక్షల భారం ఎక్కువ. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం పరిధిలోకి వచ్చాయి. జబ్బు తగ్గిస్తానని చెప్పి అమ్మితే అది వైద్య పరికరం. ‘నిగారింపు’ అనే మాట పెట్టెల మీద ఎందుకంత ఇష్టంగా వేస్తారో నా అనుమానం నాకుంది.

## ఏడు రంగుల పెట్టెలో ఎన్ని రంగులున్నాయి?

మేనకోడలి పెట్టె నాలుగు వైపులా తిప్పి చూశాం. ఏడు రంగుల పేర్లున్నాయి, నానోమీటర్ల అంకె ఒక్కటీ లేదు. మిల్లీవాట్లూ లేవు. అప్పుడు దేవుడి పాటల పాత సీడీ ఒకటి తీసుకుని గది చీకటి చేశాం. నల్ల కాగితానికి సూదితో కన్నం పొడిచి, ఒక్క బల్బు వెలుతురే బయటికొచ్చేలా ముసుగు మీద పెట్టాం. సీడీని వాలుగా పట్టుకుంటే దాని గీతలు కాంతిని రంగులుగా విడదీస్తాయి.

ఎరుపు మీట నొక్కితే సీడీ మీద ఎరుపే కనిపించింది. నీలానికి నీలమే. ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి చూస్తే గుట్టు బయటపడింది. ఒక్కో బల్బులో మూడే చుక్కలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. పండగ సీరియల్ లైట్లలో ఉండే రకం. ఇలాంటి వాటిలో నీలం సాధారణంగా 460, 470 దగ్గర ఉంటుంది. అంటే మొటిమల 415 కన్నా పసిపిల్లల కామెర్ల నీలానికి దగ్గర. పోర్ఫిరిన్లు దాన్ని అసలు పీల్చుకోవని కాదు, చాలా తక్కువ పీల్చుకుంటాయి.

"ఇప్పుడు పసుపు పెట్టవే" అంది మా అప్ప. ముసుగు నిండా పసుపు వెలిగింది, చూడ్డానికి బంతిపువ్వులా ఉంది. సీడీ వాల్చాను. ఒక పక్క ఎర్ర చుక్క, ఇంకో పక్క ఆకుపచ్చ చుక్క, మధ్యలో చీకటి. రెండూ కలిపి కంటికి చూపిస్తే మెదడు పసుపు అనుకుంటుంది, చర్మం అనుకోదు.

మా అప్ప సీడీని నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ వాల్చి చూసింది.

"మరి పసుపేదిరా?"